చంటీ, ఆ వాల్వు మాత్రం పెట్టకు

చంటీ,

మొన్న మీ అమ్మ ఫోన్లో చెప్పింది, నువ్వు రెండడుగుల చేపల ట్యాంకు తెచ్చావని, దాన్నిండా నీటి మొక్కలు పెంచుతానంటున్నావని, పంచదారా ఈస్టూ కలిపి వాటికి కావాల్సిన కార్బన్ డయాక్సైడ్ గ్యాసు కూడా సీసాలో నువ్వే తయారు చేస్తావని. ఎంత సంతోషం వేసిందో! మన ఇంట్లో ఈ పిచ్చి నాతోనే ఆగిపోతుందనుకున్నాను. ఆ తర్వాత నువ్వు పంపిన ఫొటో చూశాను. సీసా, ట్యూబు, మధ్యలో ఇత్తడి వాల్వు, కింద "రాత్రి లైటు ఆపగానే ఇది కట్టేస్తాను అత్తా, గ్యాసు వేస్టవదు" అని నువ్వు రాసిన ముక్క. అది చదివాక టెన్షన్‌తో నాకు నిద్ర పట్టలేదు. ఫోన్లో చెప్తే సగం వింటావు, సగం "సరే అత్తా" అనేస్తావు, అందుకని రాస్తున్నాను. ఓపిగ్గా చివరిదాకా చదువు.

ముందు ఆ వాల్వు తీసెయ్. మిగతా సంగతులన్నీ తర్వాత.

ఈస్ట్‌కి స్విచ్ ఉండదురా. అది ప్రాణమున్న జీవి. తీపి దొరికినంతసేపు తింటుంది, గ్యాసు వదుల్తుంది, నువ్వు లైటు ఆపావని, పడుకున్నావని దానికేం తెలుసు? వాల్వు కడితే గ్యాసు తయారవడం ఆగదు, బయటికి పోయే దారి మూసుకుంటుంది, అంతే. పావుకిలో పంచదార పూర్తిగా పులిస్తే 125 గ్రాముల దాకా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. బయట మామూలు గాలిలో అయితే అది సుమారు 70 లీటర్ల చోటు తీసుకుంటుంది. మీ మావయ్య కాగితం మీద లెక్క కట్టి చూపించేదాకా నేనూ నమ్మలేదు. నీ సీసాలో పైన ఖాళీ ఎంతుంది? నాలుగు వేళ్ళు. మన వైపు జీలుగు కల్లు చూశావు కదా, పొద్దున్న దించింది మధ్యాహ్నానికి ఎలా నురగ కక్కుతుందో. దాన్ని సీసాలో పోసి బిగించి మూత పెట్టేవాణ్ణి ఎవడినైనా చూశావా? నీ సీసాలో జరిగేదీ అదే పులియడం.

వీడియోల్లో అందరూ వాల్వు పెడుతున్నారు కదా అంటావు. వాళ్ళలో కొందరివి సిలిండర్లు, గ్యాసు ముందే నింపి ఉంటుంది, కట్టేస్తే లోపలే ఉండిపోతుంది. ఇంకొందరివి సిట్రిక్ యాసిడ్, సోడా ఉప్పుతో చేసే కిట్లు. వాటిలో ఒత్తిడి పెరిగితే యాసిడ్ సోడా ఉప్పు ఉన్న సీసాలోకి రావడం తగ్గుతుంది, గ్యాసూ తగ్గుతుంది, పైగా ఒత్తిడి మరీ ఎక్కువైతే వదిలేసే ఏర్పాటు వేరే ఉంటుంది. నీది కూల్‌డ్రింకు సీసా, అందులో ఈస్టు. వాళ్ళది చూసి నువ్వు చెయ్యకూడదు.

ఇప్పుడు మీ నాన్న సంగతి. నీ ట్యాంకు గురించి వాడు వద్దనడు, ఔననడు, చూసి పక్కకెళ్ళిపోతాడని మీ అమ్మ అంది. నీకు మనసు చిన్నబోయి ఉంటుంది. వాడికి ఇష్టం లేక కాదు నాన్నా. ఇది వాడు నీకెప్పుడూ చెప్పి ఉండడు.

నువ్వు పుట్టకముందు మాట. పర్లాకిమిడిలో మన పాత ఇంటి వీధి గదిలో, కిటికీ పక్కన ఇనప స్టాండు మీద మీ నాన్నకి మూడడుగుల ట్యాంకు ఉండేది. మహేంద్రతనయ ఒడ్డున ఏరుకొచ్చిన మొక్కలు, బరంపురం నుంచి సంచుల్లో తెచ్చుకున్న చేపలు. ఇప్పట్లా సామాన్లు ఆర్డరు పెట్టుకునే రోజులు కావు. మెడికల్ షాపుకెళ్ళి సెలైన్ సెట్ కొనుక్కొచ్చాడు. దానికి చుక్కలు పడే చిన్న గది ఉంటుంది చూడు, అందులో కాస్త నీళ్ళు పెట్టి బుడగలు లెక్కపెట్టేవాడు. కింద చిన్న రోలర్ ఉంటుంది, తిప్పితే పైపు నొక్కుకుపోతుంది. ఎంత తెలివైనవాడో నా తమ్ముడు అని ఊరంతా చెప్పుకున్నాను. ఆ రోలర్ జోలికి పోకుండా ఉంటే నిజంగా తెలివైన పనే.

రాత్రిపూట మొక్కలు గ్యాసు తీసుకోవు కదా, పంచదార ఎందుకు దండగ అని వాడు రోజూ పడుకునేముందు రోలర్ బిగించేవాడు. అచ్చంగా నీ మాటే. పొద్దున్నే వదిలితే బుడగలు గలగలా వచ్చేవి, అది చూసి మురిసిపోయేవాడు. అలా చాలా రోజులు ఏమీ కాలేదు. ఎందుకు కాలేదంటే మూత దగ్గర సన్నగా లీకు ఉండేది, అదే కాపాడుతూ వచ్చింది. ఒక ఆదివారం ఆ లీకు కనిపెట్టి, ఎమ్‌సీల్ పెట్టి మూత చుట్టూ గట్టిగా మూసేశాడు. అదేరోజు పంచదార కొత్తది, ఈస్ట్ కొత్తది. మే నెల. ఆ ఊరి ఉక్క నీకు తెలుసు.

అర్ధరాత్రి దాటాక పెద్ద చప్పుడు. మూత దగ్గర ఎమ్‌సీల్ ఉంది కాబట్టి అక్కడ ఊడలేదు, సెలైన్ గది దగ్గర అతుకు ఎగిరిపోయింది. ఒత్తిడి ఒక్కసారిగా పోయేసరికి, సీసా నీళ్ళలో కరిగి ఉన్న గ్యాసంతా నురగై పొంగి, ఆ తీపి నీళ్ళు గోడకీ కర్టెనుకీ కొట్టి, నేలమీద పెట్టిన ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద పడ్డాయి. బోర్డు చిటపటమంది, ఫ్యూజు పోయింది, ఇల్లంతా చీకటి. ఫ్యాను ఆగేసరికి మీ నానమ్మ లేచింది. "ఏమైందిరా" అనుకుంటూ, చెప్పుల్లేకుండా, గోడ తడుముకుంటూ ఆ తడిలోంచే నడిచొచ్చింది. కాళ్ళకి జిగటగా అంటుకుంటుంటే ఏమిటా అని వంగి చేత్తో నేల తడిమింది. నేను టార్చి వేసేసరికి ఆవిడ చెయ్యి ఆ బోర్డుకి జానెడు దూరంలో ఉంది. ఫ్యూజు ముందే పోయింది కాబట్టి సరిపోయింది. పోకపోయి ఉంటే? ఇన్నేళ్ళయినా తడి నేలమీద వైరు కనిపిస్తే నాకు గుండె జారిపోతుంది.

తాతగారు ఊళ్ళో లేరు, ఫ్యూజు తీగ వెయ్యడానికి తెల్లవారేదాకా ఎవరూ దొరకలేదు. ఎయిర్ పంపు ఆగిపోయింది, నీళ్ళు వేడెక్కి ఉన్నాయి, ఉండాల్సినదానికంటే చేపలు ఎక్కువ. పొద్దున్నకి గౌరామీలు రెండే బతికాయి, అవి నీటిపైకొచ్చి గాలి పీల్చుకోగలవు కాబట్టి. మిగతావన్నీ పోయాయి. మీ నాన్న ఎవరితోనూ మాట్లాడకుండా వాటిని కరివేపాకు చెట్టు మొదట్లో పాతేశాడు. నెల తిరక్కుండానే ట్యాంకు ఎవరికో ఇచ్చేశాడు. చేపలు పోయినందుకే అనుకున్నారు అందరూ. అమ్మకి ఏమైనా అయ్యుంటే అన్నదే వాణ్ణి తినేసిందని నాకు తెలుసు. అందుకే వాడు నీ ట్యాంకు దగ్గర నోరు విప్పలేకపోతున్నాడు.

ఇక నీ పని సంగతి. రెండు లీటర్ల సీసా, పావుకిలో పంచదార, పావు టీస్పూను ఈస్టు, చిటికెడు వంటసోడా, గోరువెచ్చని నీళ్ళు. మరిగే నీళ్ళు పోస్తే ఈస్ట్ చచ్చిపోతుంది. నాలుగు వేళ్ళ ఖాళీ ఉంచు, లేకపోతే నురగ ట్యూబులోకి ఎక్కుతుంది. ఒకరోజు ఏమీ రాకపోయినా కంగారుపడి ఇంకో చెంచా ఈస్ట్ వెయ్యకు. ఈస్ట్ ఎక్కువైతే గ్యాసు గబగబా వచ్చి వారంలో అయిపోతుంది, తక్కువేస్తే రెండు మూడు వారాలు నిలకడగా వస్తుంది. మీ ట్యాంకులో పట్టే యాభై లీటర్ల నీళ్ళకి ఒక సీసా చాలు, నువ్వు రెండు పెడతానన్నావట, వద్దు. ఎండాకాలం సీసాని నీళ్ళ బకెట్లో నిలబెట్టు, వేడి అటూ ఇటూ మారకుండా ఉంటుంది. జెలటిన్‌తో జెల్లీ కట్టే పద్ధతి ఒకటుంది, మీ రాయగడ మే నెలలో అది కరిగి కూర్చుంటుంది. చెయ్యాలనిపిస్తే చైనా గ్రాస్ వాడు.

మూతకి బెజ్జం ట్యూబు కంటే ఒక పిసరు చిన్నగా పెట్టాలి. ట్యూబు కొసని ఏటవాలుగా కోసి, ఆ మొన లోపలికి దూర్చి, అవతలి వైపునుంచి కటింగ్ ప్లేయర్‌తో పట్టి లాగు. అది బిగువుగా పట్టేస్తుంది, జిగురు అంతగా అక్కర్లేదు. తర్వాత సబ్బు నురగ రాసి సీసా నొక్కి చూడు.

పెద్ద సీసా నుంచి వచ్చే ట్యూబు నేరుగా ట్యాంకులోకి పెట్టకు. మధ్యలో చిన్న సీసా ఒకటి, సగం నీళ్ళతో. లోపలికి వచ్చే ట్యూబు నీళ్ళలో మునగాలి, బయటికి పోయేది నీళ్ళకి పైన ఉండాలి. ఎప్పుడైనా నురగ పొంగినా ఇందులో ఆగిపోతుంది, బుడగలు కూడా ఇక్కడే లెక్కపెట్టుకోవచ్చు. దీని తర్వాత నాన్ రిటర్న్ వాల్వు పెట్టాలి, నేను పెట్టమనే వాల్వు ఇదొక్కటే. గ్యాసుని ముందుకి పోనిస్తుంది, ట్యాంకు నీళ్ళని వెనక్కి రానివ్వదు. ఇది లేకుండా నువ్వు సీసా మూత విప్పావంటే ట్యాంకు నీళ్ళు ట్యూబులోంచి కిందికి దిగి గదంతా పారతాయి. బాణం గుర్తు ట్యాంకు వైపు ఉందో లేదో ఊది చూసుకో.

ఎక్స్‌టెన్షన్ బోర్డు నేలమీద పెట్టొద్దు. గోడకి మేకు కొట్టి, ట్యాంకుకి పక్కగా, ఎత్తులో తగిలించు. ప్రతి వైరూ ముందు కిందికి వేలాడి మళ్ళీ పైకెక్కి ప్లగ్ దగ్గరికి వెళ్ళాలి, అప్పుడు వైరు వెంట జారిన నీటి చుక్క కిందే రాలిపోతుంది. ఇది చెయ్యకుండా ట్యాంకులో నీళ్ళు పొయ్యనని నాకు మాటివ్వు.

రాత్రి లైటు ఆపగానే ట్యూబు చివర ట్యాంకులోంచి పైకి తీసి గోడకి తగిలించెయ్. గ్యాసు గాల్లోకి పోతుంది. పోనీ! పావుకిలో పంచదార ఎంతని? రోజూ తియ్యడం కుదరకపోతే లైటు ఆగినప్పటినుంచి తెల్లవారేదాకా ఎయిర్ స్టోన్, అదే పంపుకి తగిలించే బుడగల రాయి, నడవాలి. చీకట్లో మొక్కలు గ్యాసు తీసుకోవు సరికదా, అవి కూడా చేపల్లాగే ఆక్సిజన్ వాడుకుంటాయి, పైగా నీ సీసా గ్యాసు పంపుతూనే ఉంటుంది. పొద్దున్న చేపలన్నీ నీటిపైన నోళ్ళు తెరుచుకుని ఉన్నాయంటే ట్యూబు పీకి, సగం దాకా నీళ్ళు మార్చు, ఆలోచిస్తూ నిలబడకు.

కరెంటు పోయినా ఇదే పని. పంపు ఆగుతుంది, ఈస్ట్ ఆగదు. ఇంట్లో అందరికీ నేర్పు, నువ్వు లేనప్పుడు మీ అమ్మ ఒక్క ట్యూబు తీసిపారేస్తే చాలు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను ఇక్కడ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. గాలి ముదరకముందే మీ మావయ్య కిటికీలు బిగిస్తుంటే నేను ట్యూబు తీసేసి సీసా మూత విప్పి పెరట్లో పెట్టేశాను. ఆ తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు. చెంబుతో నీళ్ళు తీసి ఎత్తునుంచి పోస్తూ, మీ మావయ్యా నేనూ వంతులేసుకుని చేపల్ని కాపాడుకున్నాం. తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మీ వైపు వాన ఎలా కొట్టిందో నీకూ గుర్తుండే ఉంటుంది. బ్యాటరీతో నడిచే చిన్న పంపు ఒకటి కొని ఉంచుకో, ఖరీదైన మొక్కలు తర్వాత కొనొచ్చు.

మొక్కలంటే గుర్తొచ్చింది, మొదట్లోనే ఎర్రెర్రని రొటాలాల కోసం పరుగెత్తకు. వల్లిస్నేరియా, హైగ్రోఫిలా, జావా ఫెర్న్ పెట్టు, వేళ్ళూననీ. లైటు రోజుకి ఆరేడు గంటలు చాలు, పన్నెండు గంటలు వేస్తే అద్దమంతా నాచు పడుతుంది. చేపలు నెల ఆగాకే, అవీ కొన్నే. మీ బోరు నీళ్ళకి గిన్నెల్లో తెల్లటి పొర కడుతుందని మీ అమ్మ అంటూ ఉంటుంది కదా, కాబట్టి పీహెచ్ (నీళ్ళ పులుపు కొలత) ఒక్కటి చూసి గ్యాసు చాలట్లేదని అనుకోకు, అలాంటి నీళ్ళలో గ్యాసు చాలినంత ఉన్నా అది ఎక్కువగానే కనిపిస్తుంది. డ్రాప్ చెకర్ పెట్టుకో, నీళ్ళలో గ్యాసు ఎంతుందో రంగుతో చూపించే చిన్న బుడ్డి అది. నీలం అంటే తక్కువ, ఆకుపచ్చ అంటే లీటరుకి సుమారు 30 మిల్లీగ్రాములు, అది చాలు, పసుపు అంటే ఎక్కువైపోయింది. రంగు మారడానికి రెండు గంటల దాకా పడుతుంది, ఈలోపు సీసా కదపకు.

అంతా రాశాక తిట్టినట్టు ఉందేమో తెలీదు. తిట్టడానికి కాదురా, నువ్వు మొక్కలు పెంచుతానన్నావని నేను ఇక్కడ పక్కింటివాళ్ళకి కూడా చెప్పుకున్నాను. ఒక్కటి చెయ్యి. మూతకి బెజ్జం నువ్వు పెట్టకు, మీ నాన్నకి సీసా ఇచ్చి "నువ్వు పెట్టు నాన్నా" అని అడుగు. వాడి చెయ్యి ఎంత ఒడుపుగా ఉంటుందో నువ్వు చూడలేదు. నేను చెప్పానని మాత్రం అనొద్దు.

వచ్చే సెలవులకి బరంపురం రా. నా ట్యాంకులో వల్లిస్నేరియా పిలకలు బోలెడు ఉన్నాయి, ఇస్తాను. తడి పేపర్లో చుట్టి కవర్లో పెడతాను, బస్సులో కిటికీ పక్కన ఎండ తగిలేచోట పెట్టుకోకు, ఇంటికెళ్ళాక ముదురు ఆకులు తెంపేసి, వేరు మాత్రమే ఇసుకలోకి దించి, మొదలు పైకి కనపడేలా నాటు. మొదలు ఇసుకలో కూరుకుపోతే కుళ్ళిపోతుంది.

మీ అత్త
బరంపురం