జర్మనీ ఇంటికి మంగళగిరి బోర్డు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: రైల్వేలో చేసి రిటైరయ్యాను. మా అబ్బాయి అమెరికా నుంచి వస్తూ మనవడి పేరు చెప్పి హెచ్‌ఓ స్కేల్ (అసలు రైలులో 87వ వంతు సైజు) రైలు సెట్ ఒకటి తెచ్చాడు. మనవడు రెండు రోజులు ఆడి వదిలేశాడు, నేనే వదల్లేకపోతున్నాను. మేడ మీద గదిలో ఎనిమిది బై నాలుగు అడుగుల ప్లైవుడ్ మీద ట్రాక్ పరిచాను. ఇప్పుడు దాని చుట్టూ మంగళగిరిలాంటి ఊరు, చిన్న స్టేషన్ పెట్టాలని ఉంది. ప్లాస్టిక్ బిల్డింగ్ కిట్లు చూస్తే అన్నీ ఫారిన్ ఇళ్లే. ఏవి కొనాలి, దేనితో మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: పెట్టె మీద బొమ్మ చూసి మాత్రం కొనకండి. నేను అలా కొని దెబ్బతిన్నవాణ్ణే. నా మొదటి కిట్ ఓ జర్మన్ పల్లెటూరి స్టేషన్. గోడల్లో అడ్డంగా నిలువుగా కర్ర దూలాలు, నిటారుగా లేచిన పైకప్పు, ప్రతి కిటికీ కింద పూలతొట్టి. నాలుగు ఆదివారాలు కూర్చుని ముచ్చటగా అతికించి లేఅవుట్ మీద, అంటే ట్రాక్ పరిచిన బల్ల మీద, పెట్టాను. అప్పుడే వచ్చిన మా మేనత్త కళ్లజోడు సర్దుకుని చూసి, "ఏరా, ఇది చర్చా?" అంది. స్టేషనత్తా అన్నాను. "మరి టికెట్లు ఎక్కడిస్తారు?" అని అడిగితే నా దగ్గర సమాధానం లేదు.

అక్కడి కప్పులు అంత వాలుగా ఉండేది మంచు జారిపోవడానికి, పొగగొట్టాలు ఉండేది చలికాలంలో ఇంట్లో మంట వేసుకోవడానికి. మే నెల గుంటూరులో పొగగొట్టం ఎవడికి కావాలి? అందుకే ముందు కప్పు చూడండి. మన ఊళ్లలో ఉండేవి స్లాబు మేడలు, మంగుళూరు పెంకుల ఇళ్లు, రేకుల షెడ్లు. వీటికి దగ్గరగా వచ్చేవి అమెరికన్ కిట్లు, ముఖ్యంగా పాత ఇటుక గోడౌన్లు, ఫ్యాక్టరీలు, బజారు కొట్లు. వాటికి కప్పు చదునుగా ఉండి చుట్టూ పిట్టగోడ వస్తుంది, పిట్టగోడ వచ్చిందంటే సగం మన ఇల్లయినట్టే. వాల్తర్స్ కంపెనీ వాళ్ల కార్నర్‌స్టోన్ సిరీస్‌లో ఇలాంటివి చాలా ఉన్నాయి. డీపీఎం అనే బ్రాండ్ కిట్లలో చిన్న చిన్న కొట్లు దొరుకుతాయి, కాకపోతే అవి ఒకే రంగు ప్లాస్టిక్‌లో వస్తాయి, గోడలు మందం, మూలలు ఆకురాయితో అరగదీస్తే గానీ సరిగా కలవవు, రంగు మీరే వెయ్యాలి. జర్మనీ ఫాలర్‌ది అలా కాదు, ఒక్కో భాగం ఒక్కో రంగులో వస్తుంది కాబట్టి రంగు వెయ్యకపోయినా ఫరవాలేదనిపిస్తుంది. అదే జర్మనీ ఔహాగెన్ వాళ్లయితే గోడలూ కిటికీలూ విడిగా కూడా అమ్ముతారు, అలవాటయ్యాక మీ ఇష్టమొచ్చినట్టు కట్టుకోవడానికి అవి బాగుంటాయి.

అన్నట్టు మీరు రైల్వే మనిషి కాబట్టి ఈ పాటికి పట్టుకునే ఉంటారు. మన బ్రాడ్‌గేజ్ 1676 మి.మీ., దాన్ని 87తో భాగిస్తే 19 మి.మీ. పైన రావాలి. మీ సెట్‌లో పట్టాల మధ్య ఉండేది 16.5 మి.మీ., ఎందుకంటే అది 1435 మి.మీ. స్టాండర్డ్ గేజ్‌కి లెక్కవేసి చేసింది. అంటే మీ పట్టాలే ఫారిన్‌వి. పట్టాల దగ్గరే సర్దుకున్నాక ఇళ్ల దగ్గర మరీ పట్టుబట్టక్కర్లేదు.

ఇక దేనితో మొదలుపెట్టాలంటే, స్టేషన్‌తో కాదు, కోల్డ్ స్టోరేజీతో. గుంటూరు చుట్టూ మిర్చి దాచే కోల్డ్ స్టోరేజీలు మీరు రోజూ చూసేవే, పెద్ద పెద్ద గోడలు, దాదాపు కిటికీలే ఉండవు, ముందు లారీ ఆగే ఎత్తు అరుగు. ఏ గోడౌన్ కిట్ అయినా దీనికి పనికొస్తుంది, తప్పు జరిగినా కనబడదు, చెయ్యి కుదురుతుంది. ఇందులో ఓ కిటుకు ఉంది. కిట్ గోడకి బయటివైపు ఇటుకల గీతలు ఉంటాయి, లోపలివైపు నున్నగా ఉంటుంది. కిటికీలు లేని గోడలైతే ఆ నున్నటి వైపు బయటికి తిప్పి అతికించండి, సిమెంట్ ప్లాస్టరింగ్ చేసిన గోడ తయారు. అచ్చులోంచి తోసినప్పుడు పడ్డ గుండ్రటి గుర్తులు అక్కడక్కడా ఉంటాయి, వాటిని పుట్టీతో పూడ్చి సన్నటి ఎమెరీ పేపర్‌తో రుద్దాలి. పైన సున్నం రంగు, అడుగున రెండంగుళాల ఎత్తు వరకు, అదే, మన లెక్కలో రెండు మూడడుగుల వరకు, ఎర్రమట్టి మరక. ఏ రంగు వేసినా మ్యాట్ వెయ్యండి, మెరిసిందంటే బొమ్మ అని తెలిసిపోతుంది.

అయ్యో, రెండంగుళాలు అనేశాను, చూశారా స్కేల్ ఎలా మోసం చేస్తుందో! హెచ్‌ఓలో రెండంగుళాలంటే పద్నాలుగు అడుగులపైనే, గోడ మొత్తం ఎర్రగా అయిపోతుంది. మీరు వెయ్యాల్సింది ఒక సెంటీమీటరు లోపు.

అందుకే కొనేముందు కొలతలు. కిట్ వివరాల్లో పొడవు వెడల్పులు మి.మీ.లలో ఇస్తారు. పాత అట్టపెట్టె కోసి అదే సైజులో డబ్బా చేసి, మీ ప్లైవుడ్ మీద పెట్టి, వారం రోజులు రైలు నడపండి. నేనిలా చేశాకే ఆర్డర్ పెట్టబోతున్న మూడు కిట్లలో రెండు మానేశాను. ముఖ్యంగా వంపుల దగ్గర మీ దగ్గరున్న అన్నిటికంటే పొడుగు కోచ్‌ని చేత్తో నెమ్మదిగా తోస్తూ, దాని చివర, మధ్యభాగం ఎంత బయటికి వస్తున్నాయో పెన్సిల్‌తో గీసుకోండి. ఆ గీత లోపల గోడ కట్టారంటే మొదటిరోజే గుద్దేస్తుంది.

స్టేషన్ చిన్నదే పెట్టండి. మన ఐసీఎఫ్ (చెన్నై కోచ్ ఫ్యాక్టరీ) కోచ్ 21 మీటర్ల పైన ఉంటుంది, హెచ్‌ఓలో దాదాపు పావు మీటరు. 24 కోచ్‌ల బండి ఆగే ప్లాట్‌ఫారం కావాలంటే ఆరు మీటర్లు కావాలి, మీ బోర్డు మొత్తం 2.4 మీటర్లే. నాలుగైదు కోచ్‌ల ప్లాట్‌ఫారం, దాని వెనక చదును కప్పున్న చిన్న బిల్డింగ్, చాలు. గోడకి ఆనుకుని ఉండే వెనక అంచున అసలు పూర్తి ఇళ్లే వద్దు. ఒక కిట్‌లో ముందు గోడనీ వెనక గోడనీ పక్కపక్కన పెట్టి మూడు నాలుగు సెంటీమీటర్ల లోతుతో కట్టేస్తే రెండు కొట్లు అవుతాయి, ఒక్క కిట్ ఖర్చుతో. విదేశాల నుంచి వచ్చేవాటికి కొరియరు, కస్టమ్స్ కూడా పడతాయి కదా, ఈ పొదుపు చిన్నదేం కాదు. మళ్లీ ఈసారి మీ అబ్బాయి వచ్చేటప్పుడు పెట్టెలో చోటు ఉంచమనండి.

మంగళగిరి అన్నాక గాలిగోపురం లేకపోతే ఎలా అంటారా? పదకొండు అంతస్తులు, 153 అడుగులు. హెచ్‌ఓలో 54 సెంటీమీటర్లు వస్తుంది, మీ రైలు దాని పాదాల దగ్గర చీమలబారులా కనబడుతుంది. ఎన్ స్కేల్‌లో, అంటే 160వ వంతులో, 29 సెంటీమీటర్లు. ఆ సైజులో ఫోటో ప్రింట్ తీసి అట్టకి అతికించి వెనక గోడ దగ్గర నిలబెట్టండి, దూరంగా ఉన్నట్టు ఉంటుంది. ప్లాట్‌ఫారం చివర పసుపు బోర్డు మీద నల్ల అక్షరాలతో తెలుగు, హిందీ, ఇంగ్లీషులో "మంగళగిరి" అని రాసి పెట్టండి. నా జర్మన్ చర్చి చివరికి స్టేషన్ అయింది పూలతొట్లు, పొగగొట్టం పీకేసి ఈ బోర్డు పెట్టాకే. మా అత్త ఈసారి టికెట్ల సంగతి అడగలేదు.

ప్రశ్న: నాది బ్రిటన్ సెట్, డబుల్ ఓ స్కేల్. దీని పక్కన హెచ్‌ఓ ఇళ్లు పెట్టొచ్చా? పట్టాలు రెండింటికీ ఒకటే అంటున్నారు కదా.
– పటమట, విజయవాడ

జవాబు: పట్టాలు ఒకటే, రెండింటికీ 16.5 మి.మీ. రైళ్లే వేరు. బ్రిటన్ ఇంజిన్లు చిన్నవి, ఆ రోజుల్లో మోటార్లు వాటిలో పట్టక బాడీని కాస్త పెంచి 76వ వంతు చేశారు, పట్టాలు మాత్రం పాతవే ఉంచేశారు. హెచ్‌ఓ 87వ వంతు. తేడా 14 శాతం దాకా ఉంటుంది. తలుపు దగ్గర దొరికిపోతారు: రెండు మీటర్ల తలుపు మీ స్కేల్‌లో 26 మి.మీ., హెచ్‌ఓలో 23. మీ మనిషి బొమ్మని హెచ్‌ఓ తలుపు పక్కన నిలబెడితే తల ద్వారబంధం పైకమ్మికి తగిలేలా ఉంటుంది. కాబట్టి ట్రాక్ పక్కన, మనుషులు నిలబడే చోట మీ స్కేల్ కిట్లే కొనండి. వెనక వరసలో హెచ్‌ఓ నిరభ్యంతరంగా పెట్టండి, ఇంకా దూరంగా కనబడతాయి కూడా. గోడౌన్లకి, వాటర్ ట్యాంకులకి ఈ గొడవే లేదు, నిజంలోనే అవి అన్ని సైజుల్లో ఉంటాయి.

ప్రశ్న: కిట్ కిటికీల్ని సూపర్ గ్లూతో అతికించాను. తెల్లారేసరికి అద్దాలన్నీ మంచు పట్టినట్టు తెల్లబడ్డాయి. ఏం చెయ్యాలి?
– సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: సూపర్ గ్లూ ఆవిరి పారదర్శక ప్లాస్టిక్ మీద అలా తెల్లగా పేరుకుంటుంది. నాకూ జరిగింది, పైగా రెండుసార్లు. కిటికీలకి ఫెవికాల్‌లాంటి తెల్ల జిగురు వాడండి, ఆరాక కనబడదు. గోడలకి మాత్రం ప్లాస్టిక్ మోడల్స్‌కి వాడే లిక్విడ్ సిమెంట్ కావాలి. అది అతికించదు, రెండు అంచుల్నీ కొద్దిగా కరిగించి కలిపేస్తుంది. రెండు ముక్కలు ఆనించి పట్టుకుని లోపలివైపు నుంచి బ్రష్ కొన అతుకు దగ్గర తాకిస్తే చాలు, తనే పాక్కుంటూ పోతుంది. రంగు వేసిన చోట పట్టదు, ముందే గీకేయండి. గది కిటికీలు, తలుపులు తెరిచి చెయ్యండి, దగ్గర్లో అగరుబత్తి కూడా వద్దు, భగ్గుమంటుంది. అతికించిన ఇంటిని ఆరడానికి డాబా మీద ఎండలో మాత్రం పెట్టకండి, బెజవాడ ఎండకి పల్చటి భాగాలు వంకర్లు పోతాయి.

తెల్లబడ్డ అద్దాలు పీకేసి, కొత్త చొక్కా పెట్టె మీద వచ్చే పారదర్శక కవరు ముక్క కత్తిరించి పెట్టుకోండి. పీకడానికి వీల్లేకుండా అతుక్కుపోతే లేత గోధుమరంగు నీళ్లగా కలిపి పైన పూసేయండి, ఏలూరు రోడ్డు దుమ్ము అనుకుంటారు.