గడ్డి కరువని ఆవులను అమ్ముకోకండి

వరిగడ్డి దొరకడం లేదు, వానలు పడేదాకా రెండు ఆవులను ఎలా మేపాలి, లేదంటే అమ్మేయాలా అని అడిగారు. అమ్మొద్దు. కరువులో సంతకు తోలుకుపోతే అడిగే నాథుడుండడు, వానలొచ్చాక అలాంటి ఆవు కావాలంటే మీ వల్ల కాదు.

మాది అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం వైపు. 2018లో వేరుశనగ ఊడలు దిగే టైముకి వాన లేదు. కాయ పోతే పోయింది, మా పశువులకు ఏడాదంతా ఆధారం కాయ తీశాక మిగిలే ఆ ఎండు కట్టే, అదీ లేదు. నాయన అప్పు చేసి తుంగభద్ర కాలువ కింది ఊళ్ల నుంచి ఒక ట్రాక్టరు వరిగడ్డి తెప్పించాడు. ఆవులేమో కొసలు కొరికి మిగతాది తొక్కేసేవి, పొద్దున్నే దాన్ని పేడతో పాటు దిబ్బలో వేస్తుంటే కడుపు రగిలిపోయేది.

అప్పుడు పశువుల డాక్టరు ఆ గడ్డిని మెత్తబరిచే ఉపాయం చెప్పాడు. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా, 60 లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించి, పొరపొరకీ చల్లి తొక్కి, పట్ట కప్పి, అంచులకు మట్టి పెట్టి గాలి దూరకుండా 21 రోజులు ఉంచమన్నాడు. "చేనుకేసే మందు గొడ్డుకు పెడతారా నాయనా" అని అవ్వ ఆ పూట అన్నం ముట్టలేదు.

పట్ట ఎత్తిన రోజు ఆ ఘాటుకు కళ్లు మండిపోయాయి. గడ్డి బెల్లం రంగుకి తిరిగి మెత్తబడింది. గంటసేపు ఆరబెట్టి వేస్తే మా ఎర్రావు వాసన చూసి బుస్సుమని తల తిప్పేసుకుంది. రెండు రోజులు అదే వరస. మూడో రోజు అవ్వే వచ్చి మామూలు గడ్డిలో గుప్పెడు కలిపి, పైన తవుడు చల్లి, గంగడోలు నిమురుతూ పక్కనే నిలబడింది. తినేసింది! వారం తిరిగేసరికి గాడిలో పుల్ల మిగల్లేదు.

జాగ్రత్త, ఆరు నెలల లోపు దూడలకు ఇది పెట్టొద్దు. కలిపిన యూరియా నీళ్లు పశువు తాగితే ప్రాణానికే ముప్పు, బకెట్ అక్కడ వదలకండి. ఒక జల్లు పడగానే మోళ్ల నుంచి లేచిన జొన్న పిలకల్లోకి తోలకండి, నాము, అంటే ఆ లేత పిలకల్లో ఉండే విషం, తగులుతుంది.

సూపర్ నేపియర్ పచ్చగడ్డి వేసుకోమని వీడియోల్లో చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, బోరులో నీళ్లుంటే మాకీ బాధ ఎందుకు? అంతకన్నా పెద్ద బాధ కోత మిషన్లు. గడ్డి చెల్లాచెదురుగా చేలో పడిపోతుంది, కట్టలు కట్టించే ఖర్చు ఎందుకని నిప్పు పెడుతున్నారు. కాలువ కింద కాలిపోయే ఆ గడ్డి చాలు, మా మెట్ట ఊళ్ల పశువులు ఎండాకాలం దాటేస్తాయి. కరువంటే గడ్డి లేక కాదు, ఉన్నది ఇటు రాక.

అందుకే మీకు దగ్గర్లో ఎక్కడ వరి కోతలు జరుగుతున్నా రేపే వెళ్లి, నిప్పు పెట్టకముందే రైతును అడగండి, చాలామంది చేను ఖాళీ అయితే చాలంటారు, కట్టలు కట్టే మిషను ఖర్చు, ట్రాక్టరు బాడుగ మీరు పెట్టుకోండి.