పక్షవాతం వచ్చిన చేతికి ఇంట్లోనే వ్యాయామం చేయించవచ్చా?

దేవరకొండ దగ్గరి పల్లె నుంచి అమ్మను రోజూ నల్లగొండకు ఫిజియోథెరపీకి తీసుకురాలేమని, కుడిచేతికి ఇంట్లోనే చేయించవచ్చా అని అడిగారు. తప్పకుండా చేయించవచ్చు. అయితే ముందు ఒకసారి ఫిజియోథెరపిస్టుకు చూపించి, ఏవి చేయించాలో, ఏవి కూడదో నేర్చుకోండి.

ఇక్కడ దెబ్బతిన్నది చెయ్యి కాదు, మెదడు. ఒక పనిని పదేపదే ప్రయత్నిస్తుంటే మెదడులో మిగిలిన భాగాలు దాన్ని కొంతవరకు అందుకుంటాయి. మొదటి 3 నెలల్లో మార్పు వేగంగా ఉంటుంది, ఆ తర్వాత నెమ్మదిస్తుంది కానీ ఆగిపోదు. కాబట్టి మీరు చెయ్యి పట్టుకొని ఊపడం కంటే ఆమె స్వయంగా ప్రయత్నించడమే ముఖ్యం. పల్లికాయలను ఒక గిన్నెలోంచి మరో గిన్నెలో వేయడం, జొన్నపిండి ముద్దను అదమడం, గుడ్డతో బల్ల తుడవడం చాలా మంచి వ్యాయామాలు. వేళ్లు అసలు కదలకపోతే రెండు చేతుల మధ్య అద్దం నిలబెట్టి, బాగున్న చేతిని కదిలిస్తూ దాని ప్రతిబింబాన్ని చూడమనండి. నూనె మర్దన హాయిగా ఉంటుంది, కానీ కదలికను తెచ్చేది అది కాదు.

లేపేటప్పుడు మాత్రం దయచేసి ఆ చెయ్యి పట్టి లాగకండి, బలహీనపడిన భుజం కీలు జారవచ్చు. కూర్చున్నప్పుడు చేతి కింద దిండు పెట్టండి. భుజం నొప్పి, చేతి వాపు కనిపిస్తే ఆపి డాక్టరుకు చూపించండి.