మెదడులో పేరుకున్న ప్రొటీన్ తీసేస్తే మతిమరుపు తగ్గుతుందా?

మీ నాన్నమ్మగారికి అల్జీమర్స్ అన్నారని, మెదడులో చేరిన ప్రొటీన్ తీసేస్తే జ్ఞాపకం తిరిగొస్తుందా అని అడిగారు. నేను డాక్టర్ని కాను. మాది శ్రీకాకుళం జిల్లా పొందూరు. మా అమ్మకి ఆరేళ్లుగా ఇదే జబ్బు, అందుకని ఇదంతా చదవాల్సొచ్చింది.

ఒకటి కాదు, రెండు ప్రొటీన్లు. అమిలాయిడ్ బీటా నరాల కణాల బయట గడ్డకడుతుంది. టౌ కణం లోపలే చిక్కుపడిపోతుంది. 1906లో అలోయిస్ అల్జీమర్ అనే జర్మన్ డాక్టరు చనిపోయిన పేషెంటు మెదడులో చూసినవి ఇవే. అమిలాయిడ్ చేరడం మరుపు బయటపడడానికి 15, 20 ఏళ్ల ముందే మొదలవుతుంది. అది బాగా చేరినా చివరిదాకా మతి చెడనివాళ్లున్నారు. మరుపు ఎంత ముదిరిందో టౌ ఎంతవరకు పాకిందన్నదాన్ని బట్టే ఎక్కువ తెలుస్తుంది. అది మొదట పట్టేది హిప్పోకాంపస్, దాని చుట్టుపక్కల. కొత్త జ్ఞాపకాలు తయారయ్యేది అక్కడే.

నాకిది అమ్మని చూశాకే బుర్రకెక్కింది. తిన్న కంచం కడిగి బోర్లించేలోపే "అన్నం ఎట్టనేదేటర్రా ఇంకా?" అంటుంది. అదే మనిషిని రాట్నం ముందు కూర్చోబెడితే ఏకు పట్టుకుని సన్నటి నూలు లాగుతుంది. తెగితే కళ్లు ఎటో ఉండగానే వేళ్లు అతికేస్తాయి. చేతికి అలవాటైన పనుల జ్ఞాపకం మెదడులో వేరే చోట ఉంటుంది, జబ్బు అక్కడికి ఆలస్యంగా చేరుతుంది. నా పేరు మాత్రం పోయిన సంక్రాంతికే మర్చిపోయింది.

ఇక తీసేసే సంగతి. అమిలాయిడ్‌ని తొలగించే లెకానెమాబ్ అనే మందుకి 2023లో అమెరికాలో పూర్తి అనుమతి వచ్చింది. ట్రయల్‌లో 18 నెలల్లో క్షీణత 27 శాతం నెమ్మదించింది, అంతే. పోయిన జ్ఞాపకం రాదు. పైగా తొలిదశ వాళ్లకే ఇస్తారు, మెదడులో వాపు, రక్తస్రావం రావచ్చు. ముదిరిన మనిషికి దానికోసం పరిగెత్తడం నాకైతే దండగ అనిపించింది.

ఇంకా చేయించకపోతే బి12, థైరాయిడ్ పరీక్షలు ముందు చేయించండి. వాటి లోపంతో వచ్చే మరుపు మందులతో తగ్గే అవకాశం ఉంటుంది. మేం మొదట చూపించినచోట "వయసండీ" అని పంపేశారు, ఏడాది పోయింది. తర్వాత చూస్తే అమ్మకి బి12 కూడా తక్కువే. ఇంజెక్షన్లతో నీరసం తగ్గింది, మరుపు తగ్గలేదు.