గట్టున పుట్టిన ఊట

ప్రశ్న: అమ్మగారూ, మాకూ మా మరిది వాళ్లకూ ఒకటే వాకిలి. సంక్రాంతి ముందు కొబ్బరికాయలు పంచుకునే దగ్గర మాటా మాటా పెరిగి, తోటికోడలిని “పిల్లలు లేనిదానివి, నీకెందుకు ఇన్ని కాయలు?” అనేశాను. ఆమె చేతిలో కాయ కింద పెట్టి, లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. అప్పటి నుంచి మాటలు లేవు. ఎవరు ఏమన్నా వెంటనే సమాధానం చెప్పకుండా ఉండలేని నోరు నాది. ఆదివారం సంఘంలో ప్రభువు బల్ల దగ్గర, యేసు మరణాన్ని తలచుకుంటూ పంచుకునే రొట్టె అందుకుంటుంటే చెయ్యి వణుకుతోంది. నాకు మనశ్శాంతి ఎలా కలుగుతుంది?
– ఒక సోదరి, రాజోలు ప్రాంతం

జవాబు: అమ్మా, ఆ చేతి వణుకు పోవాలని తొందరపడకు. 1836లో మన దేశానికి వచ్చిన బౌడెన్, బీర్ అనే మిషనరీ దొరలు నరసాపురంలో వేసిన బాటలో నడుస్తున్న సంఘాలలో ప్రతి ఆదివారం బల్ల ఉంటుంది. తప్పు చేసినవాళ్లు ఏడు రోజులకు మించి దాక్కోలేరు. అది దేవుని దయ అని నేను నమ్ముతాను.

నీ ఉత్తరంలో ‘సమాధానం’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. మనం ఇంట్లో జవాబును సమాధానం అంటాం. మన బైబిలు శాంతిని సమాధానం అంటుంది. మొదటిది ఠక్కున చెప్పిన ప్రతిసారీ రెండోది పోగొట్టుకున్నాను నేను కూడా, మా అత్తగారి దగ్గర, ఏళ్ల తరబడి. “నా నోటికి కావలియుంచుము” అన్న 141వ కీర్తన వాక్యాన్ని పాత క్యాలెండరు వెనక రాసి పొయ్యి దగ్గర అతికించాను. నోరైతే మూశాను. లోపల మాత్రం ఉడికిపోయేదాన్ని. వారానికోసారి అంతా కలిపి బయటపడేది.

“కలహారంభము నీటిగట్టున పుట్టు ఊట” అంటుంది బైబిలులోని సామెతలు 17:14. ఈ మాట మన లంకల వాళ్లకు అర్థమైనట్టు ఇంకెవరికీ అర్థం కాదేమో. 1986 ఆగస్టు వరదలో మా నాన్న వశిష్ఠ గోదావరి గట్టు మీద రాత్రంతా కావలి కాశారు. నేను అన్నం క్యారేజీ తీసుకుని వెళ్లాను. గట్టు కింద పొలం వైపు చెంబు మూతంత మేర నీరు బుడబుడమంటోంది. నాన్న లాంతరు దించి, దోసిట్లోకి నీళ్లు తీసుకుని చూశారు. తేటగా ఉంటే అంత భయం లేదు; బురదగా వస్తే గట్టులోని మట్టి కోసుకువస్తున్నట్టే. ఆ నీరు బురదగా ఉంది. నేను కంగారుగా గోనెసంచి తెచ్చి దాని మీద వేయబోతే ఆపారు. ఊట నోరు మూస్తే ఇంకోచోట తన్నుకొస్తుందట. చుట్టూ ఇసుక బస్తాలు పేర్చారు. లోపల నీరు నడుము ఎత్తు నిలిచింది. ఆ నిలిచిన నీటి బరువుకే కింది ఉరవడి తగ్గింది, మెల్లగా తేటపడింది.

నేను పొయ్యి దగ్గర చేసింది ఊట మీద సంచి వేయడమే. అందుకే బిగబట్టుకున్న మౌనం మీద నాకు నమ్మకం లేదు. కోపం వచ్చినప్పుడు లోపలున్నది ఉన్నట్టుగా ప్రభువు ముందు నిలబెట్టు. “ప్రభువా, ఆమెకు ఎక్కువ కాయలు వెళ్లాయని నాకు కడుపుమంటగా ఉంది” అని పచ్చిగానే చెప్పు. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక నాలుగో అధ్యాయంలో పౌలు, విన్నపాలు దేవునికి తెలియజేయమన్న తరువాతే, దేవుని సమాధానం “మీ హృదయములకును మీ తలంపులకును కావలియుండును” అన్నాడు. కావలి లోపలి నుంచి మొదలవుతుంది.

ఇక తోటికోడలి సంగతి. బిడ్డలు లేని ఆడదానికి ఆ మాట ఎక్కడ తగులుతుందో నీకు తెలుసు. అందుకే అది నీ నోట వచ్చింది. దీన్ని తేలిక చేసి నేను చెప్పలేను. అర్పణం బలిపీఠం ఎదుటే విడిచిపెట్టి, మొదట వెళ్లి సమాధానపడమన్నాడు ప్రభువు. శనివారం సాయంత్రం వెళ్లు. అత్తగారిని, పిల్లలను వెంట తీసుకువెళ్లకు. “నేను అన్నది పాపం, నన్ను క్షమించు” అను. కొబ్బరికాయల లెక్క ఎత్తకు. ఆమె ఏడ్చినా, తిట్టినా, తలుపే తీయకపోయినా మారు పలకకుండా తిరిగి రా.

ఏం జరిగిందో నాకు రాయి. ఆమె కోసం, నీ కోసం ఈ వారమంతా ప్రార్థన చేస్తుంటాను.