పీసీఓఎస్‌లో బరువు: నాకు ముందు తగ్గింది నడుము, తర్వాతే కిలోలు

మీకు 24 ఏళ్లు, 74 కిలోలు, పీసీఓఎస్ ఉంది (అంటే హార్మోన్ల తేడా వల్ల అండాశయాలు సరిగా పనిచేయక నెల తప్పే సమస్య), పీరియడ్స్ రెండు నెలలకోసారి, డాక్టర్ "బరువు తగ్గు" అని ఒక్క మాట చెప్పి పంపేశారు. కీటో (పిండి పదార్థాలు దాదాపు మానేసే డైట్) చేయాలా, అన్నం పూర్తిగా మానేయాలా అని మీరు నన్ను అడిగారు. రెండూ వద్దండీ. నేనూ తిండి మానేసి దెబ్బతిన్నదాన్ని కాబట్టి చెప్తున్నాను.

నాకు పీసీఓఎస్ ఉందని 27వ ఏట తెలిసింది. అప్పుడు నా బరువు 78 కిలోలు, ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు. మెడ వెనక నల్లగా ఉంటే మట్టి పట్టిందని అమ్మ ఏళ్ల తరబడి సున్నిపిండి పెట్టి రుద్దింది. అది మట్టి కాదు, ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి గుర్తు అని డాక్టర్ చెప్తే ఇద్దరికీ కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఈ ఇన్సులిన్ సంగతి అర్థమైతే మిగతాదంతా తేలిక. తిన్న అన్నం చక్కెరగా మారి రక్తంలోకి వస్తుంది, దాన్ని కండరాల్లోకి పంపేది ఇన్సులిన్. మనలో చాలామందికి ఒళ్లు దాని మాట వినదు. వినడం లేదని క్లోమం ఇంకా ఎక్కువ వదులుతుంది. ఆ ఎక్కువైన ఇన్సులిన్ అండాశయాల చేత మగ హార్మోన్లను ఎక్కువగా తయారు చేయిస్తుంది. గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు, నెల తప్పడం చాలావరకు అక్కడి నుంచే వస్తాయి. సన్నగా ఉన్నవాళ్లకీ పీసీఓఎస్ ఉంటుంది. కాబట్టి "నువ్వు ఎక్కువ తినబట్టే వచ్చింది" అని ఎవరైనా అంటే నమ్మకండి. "పెళ్లయితే అదే సర్దుకుంటుంది" అన్న మాట అసలే నమ్మకండి.

మొదట నేను చేసిన తప్పు రాత్రి భోజనం మానేయడం. రెండు నెలల్లో ఆరు కిలోలు తగ్గాను. దువ్వెన నిండా జుట్టు వచ్చేది, సాయంత్రమయ్యేసరికి అందరి మీదా చిరాకు. మళ్లీ తినడం మొదలుపెట్టాక ఆ ఆరూ తిరిగొచ్చాయి, పైన ఇంకో రెండు.

రెండోసారి పొద్దున టిఫిన్ ఒక్కటే మార్చాను. అప్పటిదాకా నాలుగు ఇడ్లీలు, చట్నీ, రెండు చెంచాల చక్కెరతో టీ. పదకొండింటికల్లా ఆకలి, ఆఫీసు క్యాంటీన్‌లో సమోసా. ఇప్పుడు పొట్టు పెసలు నానబెట్టి రుబ్బిన పెసరట్లు రెండు, ఉల్లిపాయ, అల్లం వేసి, ఉప్మా లేకుండా. పక్కన ఉడికించిన గుడ్డు. ఇడ్లీ తినాలనిపించిన రోజు రెండే, గిన్నె నిండా కూరగాయల సాంబారుతో. ఒంటిగంట దాకా ఆకలి గుర్తుకు రాదు. రాగి జావ మంచిదని అందరూ చెప్తారు గానీ నాకు జావ తాగిన గంటన్నరకే ఆకలేసేది. అవే రాగులు సంగటి ముద్దగా, పప్పుతో తింటే నిలిచేది.

అన్నం మానలేదు. గుంటూరు జిల్లాలో పుట్టి అన్నం లేకుండా ఎన్నాళ్లుంటాం? కంచంలో ముందు కూర పెట్టుకుంటాను, బీరకాయో దొండకాయో తోటకూరో, సగం కంచం. తర్వాత పప్పు లేదా చేప. చివర కప్పుడు అన్నం. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కూడా రోజువారీ శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదనే చెప్తుంది. మన ఇళ్లలో కంచమంతా అన్నమే కదా, తేడా అక్కడే ఉంది. పీసీఓఎస్‌కి ఫలానా డైట్ మిగతావాటికన్నా గొప్పదని ఎక్కడా తేలలేదు. 2023లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా ఆ మాటే అంటాయి. మీరు ఏళ్లపాటు తినగలిగేదే మీ డైట్.

వ్యాయామానికి వస్తే, ఒక్క నడకతో ఆగిపోకండి. వారానికి 150 నిమిషాల చురుకైన నడక కనీసం ఉండాలి. దాంతోపాటు వారంలో రెండు రోజులు, వరసగా కాకుండా, కండరాలకు పని చెప్పాలి. కండరం పనిచేస్తున్నప్పుడు ఇన్సులిన్ పెద్దగా లేకపోయినా చక్కెరను లాక్కుంటుంది. నేను జిమ్‌కి వెళ్లలేదు. కుర్చీలో కూర్చుని లేవడం పన్నెండుసార్లు, గోడకు ఆనుకుని పుషప్స్, రెండు లీటర్ల నీళ్ల సీసాలు భుజాల పైకి ఎత్తడం, మూడు విడతలు. రాత్రి తిన్నాక మేడ మీద పావుగంట నడక.

మొదటి మూడు నెలల్లో తగ్గింది ఒకటిన్నర కిలోలే. కానీ చుడీదార్ నడుము దగ్గర వదులైంది. టేపు పెట్టి కొలిస్తే 96 సెంటీమీటర్లు ఉన్నది 91కి వచ్చింది. వంటింట్లో గ్యాస్ బండ వచ్చిన తేదీ, పాల లెక్క రాసుకునే క్యాలెండర్ మీదే నేను పీరియడ్ వచ్చిన రోజు ఎర్రపెన్నుతో చుక్క పెట్టేదాన్ని. ఆ ఏడాది జనవరి నుంచి జూన్ దాకా రెండే చుక్కలు. తర్వాతి ఆరు నెలల్లో అయిదు. అప్పటికి నా బరువు 74, అంటే మొదటి బరువులో అయిదు శాతమే తగ్గింది. బరువు కదలకపోయినా వ్యాయామం వల్ల లాభం ఉంటుంది, కాబట్టి వారానికోసారి మించి బరువు చూసుకునే మెషీన్ ఎక్కకండి. ఇప్పుడు 71 దగ్గర రెండేళ్లుగా ఉన్నాను.

రెండు విషయాలు మాత్రం తప్పనిసరి. మూడు నెలలు దాటినా పీరియడ్ రాకపోతే డైట్ చేస్తున్నాం కదా అని ఊరుకోకండి. గర్భాశయం లోపలి పొర మందమైపోతుంది, డాక్టర్‌కి చూపించాల్సిందే. మెట్‌ఫార్మిన్ (ఇన్సులిన్ సరిగా పనిచేయడానికి ఇచ్చే మాత్ర) లాంటివి వాడుతుంటే బరువు తగ్గింది కదా అని సొంతంగా ఆపకండి.

మీ ప్రశ్నలో థైరాయిడ్, షుగర్ పరీక్షల గురించి ఏమీ రాయలేదు. చేయించకపోతే ఈ వారమే చేయించండి. హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 5.7 శాతం గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే ఆ రిపోర్టు పట్టుకుని మళ్లీ డాక్టర్ దగ్గరకు వెళ్లండి. ఈసారి ఒక్క మాటతో పంపేస్తే ఇంకో డాక్టర్‌ని చూడండి, నేనూ అలాగే మారాను. మీరు పొద్దున ఏం తింటారో, ఆఫీసు ఎన్నింటికో రాస్తే టిఫిన్ దగ్గర ఏం మార్చొచ్చో కలిసి చూద్దాం.