మామయ్యగారి కుక్కపిల్లను ఇంట్లోకి రానివ్వాలా?

ప్రశ్న: మాది హనుమకొండ. అత్తయ్య పోయి ఎనిమిది నెలలైంది. మామయ్యగారికి 68 ఏళ్లు, బీపీ ఉంది. అప్పటినుంచి గది దాటి రారు, సరిగా తినరు. నెలరోజులుగా ఒక వీధి కుక్కపిల్లను చేరదీశారు. దానికి పెరుగన్నం కలిపి పెట్టి వచ్చాక తనూ నాలుగు ముద్దలు తింటున్నారు. ఇప్పుడు దాన్ని ఫ్లాట్‌లోకి తెస్తానంటున్నారు. మావారు సరే అనేశారు. బాబుకి నాలుగేళ్లు, జబ్బులొస్తాయని నా భయం. చాకిరీ కూడా నా నెత్తినే పడుతుంది. వద్దంటే చెడ్డదాన్నవుతానా?

జవాబు: ఎందుకవుతారమ్మా! అడక్కుండా సరే అనేసిన మీవారిది తప్పు.

కానీ మీరే రాసిన ఆ నాలుగు ముద్దల సంగతి చూడండి. ఎవరు బతిమాలినా తినని మనిషి, కుక్కపిల్ల ఆకలి కోసం వేళకి లేస్తున్నారు, అన్నం కలుపుతున్నారు, మెట్లు దిగుతున్నారు. మనం "తినండి, బయటికి రండి" అంటే అది పోరులా ఉంటుంది. భార్య పోయాక, ఇంట్లో తనతో ఎవరికీ పనిలేదని ముడుచుకుపోయే మగవాళ్లను చాలామందిని చూశాను. అలాంటివాళ్లకు ఓదార్పు కన్నా తన కోసం ఎదురుచూసే ప్రాణి ఒకటి ఉండటమే ఎక్కువ పనిచేస్తుంది. (నాకు కుక్కలంటే ఇష్టం. నా మాట కాస్త అటు మొగ్గుతుంది, గమనించుకోండి.)

కుక్కను నిమురుతూ కూర్చుంటే టెన్షన్ తగ్గుతుంది, రోజూ దాన్ని తిప్పితే నడకా అవుతుంది. కుక్కను పెంచుకునేవాళ్లకు గుండెజబ్బు ముప్పు తగ్గే అవకాశం ఉందని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2013లో చెప్పింది. కేవలం అందుకోసమే తెచ్చుకోవద్దని కూడా అదే చెప్పింది. బీపీ మాత్రలు మాత్రం మానకూడదు. ఆయనకు నిద్ర పట్టకపోయినా, "నేనూ పోతే బాగుండు" లాంటి మాటలు వచ్చినా, కుక్కపిల్ల ఉందిగా అని ఊరుకోకండి. మానసిక వైద్యుడికి చూపించండి.

బాబు విషయంలో మీ భయం సబబే. లోపలికి తెచ్చే ముందే పశువుల డాక్టరుకి చూపించి నులిపురుగుల మందు వేయించాలి. మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా, ఆ తర్వాత డాక్టరు చెప్పినప్పుడల్లా మళ్లీ. బాబును, దాన్ని ఒంటరిగా వదలొద్దు. ముఖం నాకనివ్వొద్దు, తాకాక చేతులు కడిగించాలి. పంటిగాటు, గోటిగాటు ఏది పడినా సబ్బుతో ధారగా పావుగంట కడిగి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. బాబుకి ఆయాసం, పిల్లికూతలు ఉంటే ముందు పిల్లల డాక్టరును అడగండి. ఆ డాక్టరు వద్దంటే కుక్కపిల్లను కిందే ఉంచి పెంచుకోవచ్చు.

ఇక చాకిరీ. మీ అసలు బాధ ఇక్కడే ఉందనిపించింది. మీవారితో కబురు పెట్టకుండా మీరే మామయ్యగారి దగ్గర కూర్చోండి. "తెచ్చుకుందాం మామయ్యా. పొద్దునా సాయంత్రం తిప్పడం, తిండి, లోపల తడిపితే తుడవడం మీవి. స్నానం, డాక్టరు, టీకాల ఖర్చు మీ అబ్బాయివి. నేను చీపురు పట్టను" అని మర్యాదగానే చెప్పండి. పెద్దాయనకు పని చెప్పడమేమిటని మొహమాటపడకండి. ఆయనకు కావలసింది అదే. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి, అది పెద్దదయ్యాక గొలుసు పట్టి లాగితే ఆయన పడిపోగలరు. అప్పటికి పొద్దున తిప్పే పని మీవారికి మార్చండి. ఇవి పదేళ్లకు పైనే బతుకుతాయి, మామయ్యగారికి ఓపిక లేని రోజు వస్తే దాన్ని చూసేదెవరో కూడా ఆ రోజే మాట్లాడుకోండి.